ఈశాన్యానికి దొర్లిన గోళీ

నేను ఒక గోళీని. అప్పుడే పెదవి విరవకండి. వీధిలో పిల్లలు వేలితో కొట్టుకునే రంగుల గోళీని కాను, సోడా గోళీని. ఆకుపచ్చ గాజు ఒళ్లు, ఎక్కడా మచ్చ లేదు, గీత లేదు. నా తల ఏదో కాళ్లు ఏవో ఇంతవరకు నాకే తెలియదు. ఎటు తిప్పినా నేనే. అందుకే ఉన్నచోట ఉండటం నా వల్ల కాదు. రవ్వంత పల్లం కనబడిందా, ఎవరు పిలిచారని కూడా చూడను, బయలుదేరిపోతాను. ఈ తలతిక్కతోనే ఒక మేస్త్రి పరువు కాపాడాను, కోర్టువారి కాగితాల్లోకి ఎక్కాను. కాలూ చెయ్యీ ఉన్న మీలో ఎంతమందికి పట్టింది ఆ భాగ్యం?

ఎక్కడో ఉత్తరాదిన గాజు బట్టీలో పుట్టాను. నిప్పుల్లో ఉడికి, ముద్దగా తెగి, రెండు ఇనుప రోలర్ల మధ్య గిరగిరా తిరిగి గుండ్రంగా తయారయ్యాను. పుట్టుకే గిరగిరా మొదలైతే ఇక బుద్ధి కుదురుగా ఎలా ఉంటుంది చెప్పండి. వెంటనే నన్నొక సీసాలో వేసి, మెడ నొక్కేసి, బయటికి రాకుండా చేశారు. ఆ సీసా లారీలెక్కి, రైళ్లెక్కి తణుకులో తాతబ్బాయి సోడా కొట్టుకి చేరింది.

ఆ కొట్టులో నా సంబరం ఏమని చెప్పను! సోడా మిషనులో సీసాల్ని బిగించి, చక్రం పట్టుకుని తాతబ్బాయి తిప్పుతుంటే మేం పల్టీలు కొట్టేవాళ్లం. గ్యాసు నన్ను కింద నుంచి ఎగదన్ని మూతికి అతికించేది. పెళ్లి భోజనంలో వరస కలుపుకుని మూడోసారి పులిహోర వడ్డించుకున్న పెద్దమనిషి పొట్ట పట్టుకుని వచ్చేవాడు. తాతబ్బాయి బొటనవేలితో నన్ను లోపలికి నొక్కేవాడు. కీచుమని ఊరంతా వినబడేలా అరుస్తూ నేను కిందికి దూకేవాణ్ణి. ఆయన గటగటా తాగి, ఘనంగా త్రేన్చి, "హమ్మయ్య, సోడా అంటే ఇదీ" అనేవాడు. అరిచింది నేను, దూకింది నేను, పేరు మాత్రం సోడాది. మనుషుల దగ్గర మొదట నేర్చుకున్న పాఠం అదే.

ఇరవై ఏళ్ల కిందట తాతబ్బాయి కొట్టుకి కొత్త నేల వేయించాడు. వేసింది ఏడుకొండలు అనే తాపీమేస్త్రి. అప్పటికి వయసులో ఉన్నాడు, చేతిలో పని ఉంది, నోట్లో మాట తక్కువ. పని అయ్యాక సోడా తాగుదామని సీసా అందుకుంటే చెయ్యి జారింది. సీసా భళ్లుమంది. నేను బయటపడ్డాను. ఎన్నేళ్ల చెరో చూడండి, ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచలేదు. తోచగానే దొర్లాను. గుమ్మం దగ్గర నుంచి గల్లాపెట్టె పక్కగా, సీసాలు కడిగే తొట్టి కిందగా, ఎక్కడా వంక తిరగకుండా సరాసరి తూము కన్నం దగ్గరికి పోయి ఆగాను. ఏడుకొండలు నోరు తెరుచుకుని చూశాడు. నీళ్లు పారడానికి నేలకిచ్చే వాలును మేస్త్రీలు వాటం అంటారు. తన వాటం అంత బాగా కుదిరిందని ఆయనకే నా వల్ల తెలిసింది. నన్ను కడిగి, తువ్వాలుతో తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. అలా నాకు ఉద్యోగం దొరికింది.

ఉద్యోగం చాలా సులువు. ఇల్లు పూర్తయ్యాక ఇంటివాళ్లందరినీ పిలిచి, స్నానాల గది గుమ్మం దగ్గర నన్ను వదిలేవాడు. నేను దొర్లుకుంటూ పోయి తూములో పడబోతే పట్టుకునేవాడు. ఇంటివాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. పడక గదుల్లో మాత్రం నేను కదలకూడదు. అక్కడ నాకు ప్రాణం విసిగిపోయేది గానీ ఏం చేస్తాం, ఉద్యోగం అన్నాక అన్నీ ఉంటాయి. ఏడుకొండలు మేస్త్రి వేసిన నేల మీద గోళీ చెప్పినట్టు వింటుందని తణుకంతా పేరు పడింది. వినేది నేనే కాబట్టి ఆ పేరులో సగం నాదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

అలా ఇరవై ఏళ్లు గడిచాక విశ్వపతి మాస్టారి ఇల్లు వచ్చింది. ఆయన హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. మూఢనమ్మకాలంటే ఒంటికాలిపై లేచేవారు. వాస్తు పేరెత్తితే చాలు, గ్రంథాలయంలో గంటన్నర ఉపన్యాసం. శంకుస్థాపన రోజు అందరి ముందూ చెప్పారు, తన ఇంటికి వాస్తు ఉండదు, లెవెలు ఉంటుందని. అక్కడితో ఆగక, భార్య కనకవల్లిగారి చేత కూడా వాస్తు జోలికి పోనని మాట తీసుకున్నారు. ఆవిడ తలూపారు. ఆవిడకు అన్నదమ్ములు లేరు. ఆ రోజే ఏడుకొండలుకి కొత్త పంచె పెట్టి అన్నయ్యా అని పిలిచారు.

ఇక ఒప్పందం. మాస్టారు, మేస్త్రి కలిసి దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్లారు. ఆయనకు ఆ రోజు చేతినిండా పని. పొద్దున్నే ఎవరికో ధాన్యం గోడౌను కట్టుబడి కాగితం రాసి ఉన్నాడు. అదే ముందు పెట్టుకుని పేర్లు మార్చి ఇచ్చేశాడు. పిల్లల పరీక్ష పేపర్లలో కామా తప్పినా మార్కు కోసే మాస్టారు ఒక్క ముక్క చదవకుండా సంతకం చేశారు. ఏడుకొండలుకి చదువు అంతంతమాత్రం, మాస్టారు చేశారు కదా అని తనూ చేశాడు. నేను జేబులో ఉన్నాను. గోళీకి చదువు రాదు, వస్తే అప్పుడే అరిచేవాణ్ణి.

గోడలు లేచాయి, కప్పు పడింది. టైల్సు వేసే వేళ మాస్టారు పెన్షను పని మీద ఏలూరు వెళ్లారు. ఆ రోజే కనకవల్లిగారి మేనమామ ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ సిద్ధాంతి నాలుగు మూలలూ చూసి, ఈశాన్యం పల్లంగా లేకపోతే ఇంటి యజమాని గుండెకి మంచిది కాదని ఒక మాట అనేసి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. అనడం తేలిక కదా. అంతకుముందు ఏడాదే మాస్టారికి రెండుసార్లు గుండెల్లో నొప్పి వచ్చి ఆసుపత్రిలో పడుకున్నారు. కనకవల్లిగారి మొహం పాలిపోయింది. తిన్నగా ఏడుకొండలు దగ్గరికి వచ్చారు.

"అన్నయ్యా, నాకీ శాస్త్రాలేవీ తెలీవు. ఆయన గుండె సంగతే తెలుసు. నేలకి ఈశాన్యం వైపు కొంచెం వాటం ఇయ్యి. ఆయనకి మాత్రం తెలియకూడదు."

ఏడుకొండలు గుండె కొట్టుకోవడం జేబులో ఉన్న నాకు వినబడుతూనే ఉంది. చివరికి తాపీ నేల మీద పెట్టి దాని మీద చెయ్యి వేశాడు. ఆయన వంశంలో అంతకు మించిన ఒట్టు లేదు.

"తాపీ మీద చెయ్యేసి చెప్తున్నానమ్మా. ఈ మాట నా నోట రాదు."

ఆ తరువాత ఆవిడ గొంతు తగ్గించి ఇంకేదో అన్నారు. సరిగ్గా అప్పుడే కూలీలు టైల్సు కోసే మిషను వేశారు. నాకు వినబడలేదు. ఏం లాభం, అసలు మాటలన్నీ మిషను చప్పుడులోనే అంటారు మనుషులు.

ప్రతి గదికీ అరంగుళం వాటం పడింది, కంటికి ఆనకుండా, కాలికి తెలియకుండా. ఒక్కో గది పూర్తి కాగానే ఏడుకొండలు నన్ను వదిలి చూసుకునేవాడు. నేను ఈశాన్యం మూలకి పరుగో పరుగు. ఒక్క గదిలో మాత్రం నన్ను దించలేదు. లెవెలు చూసే నీళ్ల గొట్టంతో కొలుచుకుని, తల పంకించి, తలుపు వేసేశాడు. నాకు రోషం వచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి పక్కనపెట్టి గొట్టాన్ని నమ్ముతాడా అని రెండు రోజులు జేబులో అలిగి కూర్చున్నాను. ఎవరూ బతిమాలలేదు. మూడో రోజు నేనే మానేశాను.

గృహప్రవేశం బ్రహ్మాండంగా జరిగింది. హాల్లో మాస్టారు తన పాత సహోద్యోగులకి లెవెలు గొప్పతనం గురించి చెబుతున్నారు. అప్పుడే వడ్డించేవాడి పళ్లెంలోంచి ఒక బూందీ లడ్డు జారింది. జారినది జారినచోట ఉంటే కథే లేదు. అది దొర్లింది. సోషల్ మాస్టారి కాళ్ల మధ్య నుంచి, హిందీ మేడంగారి చీర కుచ్చెళ్ల పక్క నుంచి, ఎక్కడా తొందర లేకుండా హాలంతా దాటి ఈశాన్యం మూలలో కూర్చుంది. నా చుట్టం కాకపోయినా దాని పనితనాన్ని మెచ్చుకున్నాను. సోషల్ మాస్టారు అదే చాలన్నట్టు పట్టుకున్నారు. విశ్వపతీ, నీ ఇంటికి లెవెలు కూడా లేదోయ్ అన్నారు. హాలంతా నవ్వు. విశ్వపతి మాస్టారి మొహం సొరకాయలా తెల్లబడింది.

ఆ నవ్వు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. వారం తిరక్కుండా ఏడుకొండలుకి లాయరు నోటీసు వచ్చింది. నేల వంకరగా వేశావు, ఒప్పందం ప్రకారం సమతలంగా ఉండాలి, మొత్తం తవ్వి తిరిగి వెయ్యి అని. ఏడుకొండలు జవాబివ్వలేదు. ఏమని ఇస్తాడు? ఇంకో నెలకి మాస్టారు కోర్టులో దావా వేశారు. తణుకు మరీ చిన్న ఊరేమీ కాదు గానీ, మాట దొర్లడానికి ఏ ఊరైనా పల్లమే. ఏడుకొండలుకి చూపు మందగించిందన్నారు, మందు అలవాటయిందన్నారు. ఇల్లు కట్టించుకుంటామని మాటిచ్చిన ఇద్దరు ఆసాములు మొహం చాటేశారు. ఇరవై ఏళ్లు మేస్త్రిగారూ అని పిలిచినవాళ్లు వంకర మేస్త్రి అనడం మొదలుపెట్టారు. ఆయన నన్ను జేబులోంచి తీయడం మానేశాడు. నాకు దొర్లే పని లేకుండా పోయింది. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఒక మధ్యాహ్నం కనకవల్లిగారు ఆయన ఇంటికి వచ్చి కూర్చుని ఏడ్చారు. నోటీసు వెళ్లిన సంగతి ఆవిడకి తరువాత తెలిసిందట. చెబుదామని రోజూ అనుకోవడం, మాస్టారి చెయ్యి ఛాతీ మీదికి పోవడం చూసి ఆగిపోవడం. రేపు తప్పకుండా చెప్పేస్తానన్నారు. ఆయన వద్దన్నాడు. ఇంట్లో గొడవ పెట్టుకుని తన పేరు నిలబెట్టక్కర్లేదన్నాడు. ఆవిడ వెళ్లాక మాత్రం ఒప్పందం కాగితం మడిచి జేబులో నా పక్కన పెట్టుకున్నాడు.

అప్పుడు వెళ్లాం కొవ్వూరి హైమవతి దగ్గరికి. ఆవిడ ప్లీడరు. కోర్టు వెనక సందులో ఆఫీసు. బోర్డు మీద 'ఇళ్ల కట్టుబడి ఒప్పందాలు, తగాదాలు' అని రాసి ఉంటుంది. సిమెంటు రంగు చీర, బ్యాగులో చట్టం పుస్తకం పక్కనే ఒక టేపు, ఒక సుత్తి. గోడ మీద సుత్తితో తట్టి లోపల ఇటుక ఎలాంటిదో చెబుతుందని పేరు. గోడలు అబద్ధం చెప్పవండి, కాగితాలే చెబుతాయి అనేది ఆవిడ ఊతపదం.

ముందు ఒప్పందం అడిగి తీసుకుంది. రెండో పేజీలో ఆగింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివింది. తరువాత పైకి చదివింది. నేలలు ధాన్యపు బస్తాల దొంతరకు అనువుగా సమతలముగా ఉండవలెను. ఎలుకలు దూరకుండా తూములకు జాలీ బిగించవలెను. హాలులోనికి లారీ వెనుకకు వచ్చుటకు వీలుగా ద్వారము పన్నెండు అడుగులు ఉండవలెను. హైమవతి కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనయితే జేబులో ఒకటే దొర్లడం. మాస్టారి హాల్లోకి లారీ రివర్సులో రావడం ఊహించుకోండి.

ఈ కాగితం చాలు, దావా కొట్టించేస్తానంది. ఇది గోడౌను ఒప్పందం కాబట్టి ఆ ఇంటికి వర్తించదని చెబితే సరిపోతుందట. ఏడుకొండలు తల అడ్డంగా ఊపాడు.

"గెలవడం కాదండి నాక్కావలసింది. నేల సరిగ్గా ఏశానని తేలాలండి. కాయితంలో తప్పుందని కొట్టేస్తే, నా చేతిలో తప్పు అలాగే ఉండిపోద్ది."

హైమవతి నవ్వు ఆపేసింది. మరి వాటం ఎందుకు పడిందని అడిగింది. ఆయన నేల చూపులు చూశాడు. తప్పు తనది కాదన్నాడు, ఎవరిదో మాత్రం అడగొద్దన్నాడు. ఇంకేమడిగినా అదే మాట. ఆఖరికి జేబులోంచి నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. తన దగ్గర ఇంతకు మించి సాక్ష్యం లేదన్నాడు. ఆ బల్ల కాస్త వాలుగా ఉందేమో, నేను ఊరుకోలేక దొర్లి అంచు నుంచి ఆవిడ ఒళ్లో పడ్డాను. ఆవిడ నన్ను పట్టుకుని వెలుతురుకేసి చూసింది. ఒక మనిషి మౌనంగా ఉన్నాడంటే ఎవరికో మాట ఇచ్చి ఉంటాడని ఆ క్షణంలోనే పసిగట్టిందని నా నమ్మకం. నన్ను బ్యాగులో సుత్తి పక్కన పడేసింది.

కోర్టులో ఆవిడ ఒక్కటే అడిగింది. ఇల్లు చూసి రావడానికి కమిషనర్ని వెయ్యండి, ఒక్క హాలు కాదు, ఏ గదీ వదలకుండా చూడాలి అని. కోర్టు వారు సరేనని ఒక పెద్ద వయసు ప్లీడరుని కమిషనరుగా పంపారు. ఆదివారం పొద్దున్న పదింటికి అందరూ మాస్టారి హాల్లో చేరారు. కమిషనరు గారు, హైమవతి, మాస్టారి తరఫు ప్లీడరు, గోడవార చేతులు కట్టుకుని ఏడుకొండలు. కనకవల్లిగారు వంటింట్లో. ఒక మూల మేస్త్రి పేరు, ఇంకో మూల ఆయన మాట. ఏదో ఒకటి ఆ రోజు పోవలసిందే. బ్యాగులో నాకు ఊపిరాడలేదు, ఊపిరి అవసరం లేకపోయినా.

మాస్టారి ప్లీడరు తెచ్చిన లెవెలు మిషను బ్యాటరీ అయిపోయి మూలిగి ఊరుకుంది. హైమవతి నన్ను తీసి అరచేతిలో పెట్టి మాస్టారికి చూపించింది. దీనితో చూద్దామా అంది. మాస్టారి కళ్లు మెరిశాయి. ముప్పై ఏళ్లు పిల్లలకు వాలుబల్ల మీద గోళీ దొర్లించే పాఠం చెప్పినవారు ఆయన. గోళీ పక్షపాతం చూపించదు, తెండి అన్నారు. ఆయనే వంగి హాలు మధ్యలో నన్ను వదిలారు.

దొర్లాను! ఎన్ని నెలలయిందో! ఈశాన్యం మూలకి చేరి గోడని ముద్దుపెట్టుకున్నాను. చూశారా అన్నట్టు మాస్టారు అందరికేసి తిరిగారు. కమిషనరు గారు రాసుకున్నారు. తరువాత పడక గది. ఈశాన్యం. మాస్టారు వాచీ చూసి ఎన్ని సెకన్లో చెప్పారు. రెండో పడక గది. ఈశాన్యం. వంటిల్లు, వరండా, దేవుడి గది, అన్నీ ఈశాన్యమే. నాకు కళ్లు తిరిగిపోతున్నాయి, ఉత్సాహం ఆగడం లేదు. కానీ మాస్టారు సెకన్లు చెప్పడం మానేశారు. నన్ను ఎత్తుకుంటున్న వేళ్లలో గర్వం తగ్గి ఆలోచన పెరగడం నాకు తెలుస్తూనే ఉంది.

ఆయనలో ఉన్న ఫిజిక్స్ మాస్టారు నిద్ర లేచాడు. చేయి తప్పితే నేల ఒక గదిలో అటు, ఒక గదిలో ఇటు వంగాలి. ఆరు గదులూ ఒకే వైపు, ఒకే వేగం.

"ఇది పొరపాటు కాదు," అన్నారు ఆయన, ఎవరితో కాదు, తనలో తానే. "పొరపాటు ఇంత పద్ధతిగా ఉండదు."

హైమవతి వినబడనట్టే ఊరుకుని, ఇంకో గది ఉంది కదండీ మాస్టారూ అంది. అది తన చదువు గదని, పుస్తకాలు తప్ప ఏమీ లేవని ఆయన అన్నారు. ఏ గదీ వదలకూడదని కోర్టు ఉత్తర్వులో ఉందని ఆవిడ గుర్తుచేసింది. తలుపు తీశారు. నన్ను దించని గది అదే. ఆ నీళ్ల గొట్టపు గది. నా పాత రోషమంతా పైకి వచ్చింది. ఇప్పుడు చూపిస్తాను నా ప్రతాపం అనుకుని సిద్ధంగా ఉన్నాను.

మాస్టారు నన్ను నేల మీద పెట్టి చెయ్యి తీశారు.

కదల్లేదు. కదుల్దామని ఎంత చూసినా ఎటు వెళ్లాలో తెలియలేదు. ఆయన వేలితో తోశారు. రెండడుగులు పోయి బుద్ధిగా ఆగిపోయాను. పంచె ఎగ్గట్టుకుని మాస్టారు నేల మీద బోర్లా పడుకుని, చెంప టైలుకి ఆనించి నా కేసి చూశారు. అంత దగ్గరగా మనిషి కన్ను చూడటం నాకదే మొదలు. కమిషనరు గారి కలం ఆగిపోయింది.

"ఏడుకొండలూ," పడుకునే అడిగారు మాస్టారు, "ఇదొక్కటీ ఎందుకు వంచలేదు?"

ఏడుకొండలు కప్పుకేసి చూశాడు. "అది నేను చెప్పలేనండి."

మాస్టారు లేచి కూర్చున్నారు. తన గది జోలికి ఎవరూ పోకుండా చూసే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. మెల్లగా గుమ్మం కేసి తిరిగారు. అక్కడ కనకవల్లిగారు కాఫీ పళ్లెంతో నిలబడి ఉన్నారు.

"నేనే చెప్పానండి," అన్నారు ఆవిడ. "అన్నయ్య చేత ఒట్టు వేయించుకున్నాను. మీ గుండెకి మంచిదని సిద్ధాంతి గారన్నారు, భయమేసింది. మీ గది మాత్రం ముట్టుకోవద్దన్నాను. మీకిచ్చిన మాట అక్కడైనా నిలబడాలి కదా."

మిషను చప్పుడులో నాకు వినబడని మాట అదన్నమాట.

మాస్టారు ఒకసారి నా కేసి, ఒకసారి నేల కేసి, తరువాత భార్య కేసి చూశారు. చెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. అందరి గుండెలూ జారాయి. కానీ ఆయన నవ్వు ఆపుకోవడానికి పట్టుకున్నారంతే.

"పొద్దస్తమానం నేను కూర్చునేది ఈ గదిలోనే కదే!"

"అదేనండీ నాకు రోజూ దిగులు," అన్నారు కనకవల్లిగారు. అని ఆవిడా నవ్వేశారు, కళ్లలో నీళ్లతోనే. కమిషనరు గారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మాస్టారి ప్లీడరు కూడా నవ్వాడు, తన కేసు పోతున్నదని తెలిసి కూడా. నవ్వనిది ఏడుకొండలు ఒక్కడే. తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. మాస్టారు లేచి వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. గంటన్నర ఉపన్యాసాలిచ్చే మనిషికి ఆ పూట ఒక్క మాట దొరకలేదు.

దావా వెనక్కి తీసుకున్నారు. అది చాలదని మాస్టారే అనుకున్నారు. మరుసటి ఆదివారం గ్రంథాలయంలో సభ పెట్టించి, బల్ల మీద నన్ను దొర్లించి, ఆరు గదుల్ని వెంట్రుకవాసి తేడా రాకుండా ఒకే వైపు వంచి, ఏడో గదిని చుక్క నీరు కదలకుండా నిలబెట్టిన మేస్త్రి ఇంకొకడు ఉంటే చూపించమని ఊరిని సవాలు చేశారు. ముందు వరసలో సోషల్ మాస్టారు చప్పట్లు కొట్టారు. మొహం చాటేసిన ఆసాములిద్దరూ ఆ సాయంత్రమే ఏడుకొండలు గుమ్మంలో ఉన్నారు. వంకర మేస్త్రి అన్న నోళ్లే మళ్లీ మేస్త్రిగారూ అన్నాయి. మనుషుల మాటలకి వాటం ఎటుంటే అటు, నన్ననడం దేనికి?

అయితే ఇంట్లో కొత్త తగాదా లేచింది. ఇన్ని గదులు ఒక వైపుండి నాదొక్కటి వేరేగా దేనికి, దీన్నీ వంచెయ్యి ఏడుకొండలూ అని మాస్టారు. వీల్లేదు, మీ గది మీ మాట ప్రకారమే ఉండాలి అని కనకవల్లిగారు. ఇద్దరి మధ్య తాపీ పట్టుకుని మేస్త్రి నిలబడ్డాడు. హైమవతిని పిలిపించారు. ఆవిడ పాత ఒప్పందం తీసి బల్ల మీద పెట్టి, ఇందులో గోడౌనూ ఎలుకలూ లారీ పెద్ద తప్పులు కావండి, ఇల్లు మీ ఇద్దరిదైతే మీలో ఒకరి సంతకమే ఉంది, తప్పంతా అక్కడుంది అంది. కొత్త కాగితం తీసి ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగి రాసింది. ఆరు గదులూ ఉన్నట్టే ఉండాలి. చదువు గది సమతలంగానే ఉండాలి. కానీ అందులో రెండో కుర్చీ వెయ్యాలి. ఆ రెండో కుర్చీ షరతు ఎవరు చెప్పారో నేను విన్నాను గానీ చెప్పను, నాకూ ఒట్లుంటాయి. కనకవల్లిగారు మొదటిసారి తన ఇంటి కాగితం మీద సంతకం చేశారు, ప్రతి అక్షరం చదివి మరీ.

హైమవతి నన్ను ఏడుకొండలుకి తిరిగి ఇచ్చింది. కమిషనరు గారి నివేదికలో 'ఒక ఆకుపచ్చ గోళీ సహాయముతో' అని నా పేరు ఎక్కిందని కూడా చెప్పింది. ఆ మాట విని నేను ఎంత ఉబ్బిపోయానంటే, కొంచెం గ్యాసు తగిలితే పైకి ఎగిరేవాణ్ణి. ఏడుకొండలు నన్ను ఒక్కసారి అరచేతిలో తిప్పి చూసుకుని, గృహప్రవేశానికి చెల్లెమ్మకి ఏమీ పెట్టలేదండి అంటూ కనకవల్లిగారి చేతిలో పెట్టాడు.

అప్పటి నుంచి ఆ గదిలోనే ఉంటున్నాను. సాయంత్రం కాఫీలయ్యాక మాస్టారు ఒక కుర్చీలో, ఆవిడ రెండో కుర్చీలో కూర్చుంటారు. ఆయన నన్ను నేల మీద ఆవిడ వైపు దొర్లిస్తారు. ఆవిడ కాలితో ఆపి, వంగి, తిరిగి ఆయన వైపు దొర్లిస్తారు. అరవై దాటిన మనుషులు, సిగ్గులేకుండా గంటసేపు ఇదే పని. ఇన్నేళ్లూ పల్లం ఎటు పిలిస్తే అటు పరుగెత్తాను. ఈ గదిలో పల్లం లేదు. ఆయన తోస్తే ఆవిడ దగ్గరికి పోతాను, ఆవిడ తోస్తే ఆయన దగ్గరికి వస్తాను. ఇద్దరూ మాటల్లో పడి నన్ను మరిచిపోతే, మధ్యలో ఆగి, ఏమీ తోచక, వాళ్ల మాటలు వింటూ కూర్చుంటాను.